రెయినియర్ అంటే వాన కాదు

కొవ్వూరు,
ఆదివారం మధ్యాహ్నం

చి. సౌ. బుజ్జికి,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్నగారి మోకాళ్ళు విమానంలో పట్టేశాయి గానీ ఇప్పుడు రోజూ సాయంత్రం గోష్పాద రేవు దాకా నడిచి వస్తున్నారు. గోదారి ఎర్రనీళ్ళు తీసి తేటపడుతోంది. రోజూ వీడియో కాల్లో చూస్తూనే ఉన్నాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకంటావేమో. ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మధ్యలో నువ్వు "మీటింగుందమ్మా" అంటావు, నా మాట సగంలో తెగిపోతుంది.

అసలు విషయం ఏమిటంటే, నేను బుడ్డోడికి ఒక తప్పు చెప్పాను. ఆగస్టులో మనం అమెరికాలో మీ సియాటిల్ దగ్గరి రెయినియర్ కొండ మీద ప్యారడైజ్ అనే చోటికి వెళ్ళాం చూడు, అక్కడ వాడు, "అమ్మమ్మా, దీనికి రెయినియర్ అని పేరెందుకు?" అని అడిగాడు. నాకు తెలీదు. తెలీదని చెప్తే పోయేది. ముప్ఫై ఒక్కేళ్ళు సోషల్ చెప్పిన నోరు ఊరుకుంటుందా? "ఇక్కడ వాన ఎక్కువ కదరా, రెయినీ, రెయినియర్, రెయినియెస్ట్" అన్నాను. వాడు నమ్మేశాడు. స్కూల్లో చెప్పాడు. వాళ్ళ టీచరు నవ్వి, కాదు, అది ఒక మనిషి పేరు అందట. మొన్న ఫోన్లో "అమ్మమ్మా, నువ్వు రాంగ్" అని వాడు అంటే మీ నాన్నగారు పక్కనుంచి పగలబడి నవ్వారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

అప్పట్నుంచీ నువ్వు కొనిచ్చిన ట్యాబ్ ముందేసుకుని ఇదే చదువుతున్నాను. నా తప్పు ఒకటి కాదు, రెండు. పేరుకీ వానకీ సంబంధం లేదు, అది మొదటిది. మీ సియాటిల్లో వాన ఎక్కువ అనుకోవడం రెండోది. అక్కడ ఏడాది మొత్తానికి పడేది 1,000 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. మన గోదావరి జిల్లాల్లో పడేదానికంటే ఎక్కువేం కాదు. మనకి కుండపోతగా పడి పోతుంది, మీకు జల్లెడ పట్టినట్టు ఆరు నెలలు పడుతుంది, అంతే తేడా. కొండ పైన పడేది వేరే లెక్క. సముద్రం నుంచి వచ్చే మేఘాలన్నీ ఆ క్యాస్కేడ్ కొండల వరస మీద తమ బరువంతా దించేసుకుని ఖాళీ చేతులతో అవతలికి వెళ్తాయి. మనం ఆపిల్ తోటలు చూడ్డానికి కొండ దాటి యాకిమా వెళ్ళినప్పుడు, ఏమిటే ఇది, అనంతపురం వచ్చేశామా అన్నాను గుర్తుందా? అక్కడ ఏడాదికి 200 మిల్లీమీటర్లు. అనంతపురమే నయం. పశ్చిమ కనుమలు రాయలసీమకి చేసిన పనే మీ కొండలు యాకిమాకి చేశాయి. వర్షచ్ఛాయా ప్రాంతం అని ఎనిమిదో తరగతికి ఎన్నిసార్లు బోర్డు మీద గీశానో. కళ్ళ ముందు ఉంటే మాత్రం గుర్తుపట్టలేదు.

ఇక రెయినియర్ ఎవరో విను. పీటర్ రెయినియర్ అని ఇంగ్లండు నౌకాదళం మనిషి. వాళ్ళ పూర్వీకులు మతం కారణంగా ఫ్రాన్సు వదిలి వచ్చినవాళ్ళు, అందుకే ఆ పేరు పలకడంలో ఫ్రెంచి వాసన. ఆయన జన్మలో ఆ కొండని చూడలేదు. 1792లో జార్జ్ వాంకూవర్ అనే కెప్టెను డిస్కవరీ అనే ఓడలో మీ తీరాన్ని పటం గీస్తూ, మే నెలలో దూరంగా తెల్లగా మెరుస్తున్న కొండని చూసి, తన స్నేహితుడు రెయినియర్ పేరు రాసేసుకున్నాడు. పెళ్ళిలో బంధువులందరికీ బట్టలు పెట్టినట్టు ఆ కెప్టెను కనిపించిన ప్రతిదానికీ తనవాళ్ళ పేర్లు పెడుతూ పోయాడు. మీ ఇంటి దగ్గరున్న పుజెట్ సౌండ్ ఆయన దగ్గర లెఫ్టినెంటు పుజెట్ పేరు. మనం ఫెర్రీలో వెళ్ళిన విడ్‌బీ దీవి మరో ఉద్యోగి పేరు. ఉత్తరాన మౌంట్ బేకర్ ఉంది కదా, ఆ కొండని ఓడ మీద నుంచి ముందుగా చూసి చెప్పిన లెఫ్టినెంటు జోసెఫ్ బేకర్‌ది. పాపం ఈయనైనా కళ్ళతో చూశాడు, ఆ పేరు ఆయనకి చెల్లుతుంది.

రెయినియర్ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆయన మన సముద్రం మనిషి! 1794 నుంచి 1805 దాకా తూర్పు ఇండియా సముద్రాల్లో ఉన్న బ్రిటిష్ నౌకాదళానికి ఆయనే అధిపతి. ఆ దళానికి చెన్నపట్నం ముఖ్యమైన రేవు. 1795లో సింహళంలో ట్రింకోమలీని డచ్చివాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్నప్పుడు ఓడలు ఆయనవే. మరుసటేడు అంబోయ్నా, బందా దీవులు పట్టుకున్నాడు. అంబోయ్నా అంటే లవంగాలు, బందా అంటే జాజికాయ. ఆ సుగంధ ద్రవ్యాల దీవుల్లో దొరికిన సొమ్ములో వాటాతో బాగా ధనవంతుడయ్యాడు. 1808లో చనిపోతూ తన ఆస్తిలో పదో వంతు దేశం అప్పు తీర్చడానికి రాసిపోయాడట. మీ నాన్నగారికి ఈ మాట చెప్తే, "ఆ ఆస్తి ఎక్కడిదో అక్కడికి రాయాల్సింది" అన్నారు.

ఇంకో తమాషా ఉంది. 1778లో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రోజుల్లో, ఈ రెయినియర్ ఒక అమెరికన్ ఓడతో పోరాడి బాగా గాయపడ్డాడు. అంటే మీ దేశం తనమీద కత్తి దూసినవాడి పేరునే తన గొప్ప కొండల్లో ఒకదానికి పెట్టుకుని ఉంది. ఇది అక్కడివాళ్ళకి తెలియక కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పెద్ద గొడవే జరిగింది. అక్కడి పాత జాతులవాళ్ళు ఆ కొండని తహోమా, తకోబా, ఇలా వాళ్ళ వాళ్ళ భాషల్లో పిలిచేవారు. దాన్నుంచే టకోమా ఊరికి పేరొచ్చింది. ఆ ఊరివాళ్ళు కొండ పేరు కూడా టకోమా చేయాలన్నారు, రైలు కంపెనీ కూడా 1883లో ఆ పేరునే వాడడం మొదలుపెట్టింది. సియాటిల్ వాళ్ళు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? కొండకి పక్కూరి పేరు వస్తే వచ్చేవాళ్ళంతా పక్కూరే వెళ్తారు. 1890లో, కొండలకీ నదులకీ పేర్లు ఖాయం చేసే ప్రభుత్వ బోర్డు రెయినియర్ అని తేల్చింది. 1917లో మళ్ళీ వాదనలు విని మళ్ళీ అదే అంది. 1924లో సెనేటు మార్చడానికి ఒప్పుకుంది గానీ రెండో సభలో ఆ తీర్మానం ముందుకి కదల్లేదు. ఇందులో పాత జాతుల పేరు మీద ప్రేమ ఎంతో, ఊళ్ళ మధ్య పంతం ఎంతో, నాకైతే పంతమే ఎక్కువ కనిపించింది. రాజమండ్రి, కాకినాడల మధ్య ఏదైనా ఆఫీసు గురించి జరిగే తగాదాలా ఉంది.

మిగతా పేర్లూ ఇలాంటివే. మౌంట్ హుడ్ అంటే శామ్యూల్ హుడ్ అనే ఇంగ్లండు అడ్మిరల్, ఆయనా అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ వైపు పోరాడినవాడే. వాంకూవర్ దగ్గర పనిచేసిన బ్రాటన్ 1792 అక్టోబరులో కొలంబియా నదిలో పడవల మీద లోపలికి వెళ్ళి ఆ కొండని చూసి పెట్టాడు. సెయింట్ హెలెన్స్ అంటే నేను మేరీమాత లాంటి ఏదో దేవత పేరనుకున్నాను. కాదట! స్పెయిన్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న ఫిట్జ్‌హెర్బర్ట్ అనే ఆయన బిరుదు అది. బేకర్ కొండకి వాంకూవర్ కంటే రెండేళ్ళ ముందే స్పెయిన్ నావికులు కార్మెలో పెద్దకొండ అని పేరు పెట్టుకున్నారు. పటం ఎవరిది నిలిస్తే పేరు వాళ్ళది నిలిచింది.

మౌంట్ ఆడమ్స్ కథ చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. 1830ల్లో హాల్ కెల్లీ అనే ఒకాయనకి, మన కొండలకి ఈ ఇంగ్లీషు అడ్మిరళ్ళ పేర్లేమిటి, వరసకంతా ప్రెసిడెంట్ల వరస అని పెట్టి ఒక్కో శిఖరానికీ ఒక్కో అమెరికా అధ్యక్షుడి పేరు పెడదాం అనిపించింది. అందులో హుడ్ కొండ ఆడమ్స్ కావాలి. ఆ పేర్లు పటంలోకి ఎక్కేటప్పుడు పొరపాటు జరిగి ఆడమ్స్ పేరు హుడ్‌కి ఉత్తరంగా, సెయింట్ హెలెన్స్‌కి తూర్పుగా పడింది. చూస్తే అక్కడ నిజంగానే ఒక పెద్ద కొండ ఉంది! 12,000 అడుగులు దాటిన కొండ, వాషింగ్టన్ రాష్ట్రంలో రెయినియర్ తర్వాత అదే పెద్దది. ప్రెసిడెంట్ల ఆలోచన మట్టికొట్టుకుపోయింది, తప్పుగా పడ్డ ఆ పేరు మాత్రం ఉండిపోయింది. పరీక్షలో ఇండియా మ్యాప్ ఇస్తే గోదావరిని కృష్ణ దగ్గర గుర్తించిన పిల్లలకి నేను సున్నా వేసేదాన్ని. వీళ్ళకి ఎవరూ సున్నా వేయలేదు.

అక్కడ వేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళ పేర్లు వేరేలా ఉన్నాయి. సెయింట్ హెలెన్స్‌ని కౌలిట్జ్ జాతి వాళ్ళు పొగరాజేది అనే అర్థం వచ్చేలా పిలిచేవారు. బేకర్‌ది తెల్లకొండ. మన ఊళ్ళలో నల్లగుట్ట, ఎర్రకొండ అన్నట్టే. చూసినవాళ్ళు చూసినట్టు చెప్పారు. వాళ్ళదే ఒక కథ కూడా ఉంది. కొలంబియా నదికి అటొకడు ఇటొకడు అన్నదమ్ములు, హుడ్ కొండ పేరు వైయీస్ట్, ఆడమ్స్ పేరు పాటో. నది మీద దేవుడు రాతి వంతెన వేశాడు. లూవిట్ అనే అందగత్తె కోసం ఇద్దరూ కొట్టుకున్నారు, నిప్పురాళ్ళు విసురుకున్నారు, వంతెన కూలిపోయింది. ఆమె సెయింట్ హెలెన్స్ కొండ అయింది. నేను కథని కథగానే చదివాను గానీ, అక్కడ నిజంగానే కొన్ని వందల ఏళ్ళ కిందట కొండచరియ విరిగి నదికి అడ్డంగా పడి, కొన్నాళ్ళు ఆనకట్టలా నిలబడి తర్వాత తెగిపోయిందని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే తాతముత్తాతలు చూసినదాన్నే కథ కట్టి మనవలకి దాచిపెట్టారన్నమాట.

ఆ అడ్డం పడ్డ రాళ్ళ మీదుగా నది ఉరకడం వల్ల అక్కడ పెద్ద జలపాతాల్లాంటి ఉరవళ్ళు ఏర్పడ్డాయి. తెల్లవాళ్ళు వాటిని క్యాస్కేడ్స్ అన్నారు. 1805లో పడమటి సముద్రానికి దారి వెతుకుతూ వచ్చిన లూయిస్, క్లార్క్ బృందం పడవల్ని ఆ రాళ్ళ మీదుగా దాటించడానికి నానా తిప్పలూ పడింది. ఆ ఉరవళ్ళ పక్కనున్న కొండలు కాబట్టి క్యాస్కేడ్ కొండలు. ఆ పేరు ముందుగా రాతలో వాడినవాడు డేవిడ్ డగ్లస్ అనే స్కాట్లండు వృక్షశాస్త్రవేత్త అంటారు. మీ పెరడు వెనకాల ఉన్న ఆ ఎత్తైన డగ్లస్ ఫర్ చెట్టు ఈయన పేరే. అంటే కాలిఫోర్నియాలో లాసెన్ శిఖరం నుంచి కెనడా దాకా 1,100 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న మొత్తం వరసకి పేరిచ్చింది కొండ కాదు, నిప్పు కాదు, నదిలో ఒక చిన్న తావు.

పోర్ట్‌లాండ్ వెళ్ళినప్పుడు ఆ తావు పక్కనే క్యాస్కేడ్ లాక్స్ అనే ఊళ్ళో ఆగి ఐస్‌క్రీమ్ తిన్నాం. ఇనుప వంతెన ఒకటి ఉంది, దాని పేరు దేవుళ్ళ వంతెన అని అల్లుడుగారు చెప్తే నేను పెద్దగా పట్టించుకోలేదు. నది నిండుకుండలా కదలకుండా ఉంది. ఉరవళ్ళు ఏవీ అని అడగాలని కూడా నాకు తోచలేదు, వాటి గురించి తెలిస్తే కదా. 1938లో కింద బోనెవిల్ డ్యామ్ కట్టారు, అవన్నీ నీళ్ళ అడుక్కి పోయాయి. 1957లో ఇంకా పైన సెలీలో జలపాతం కూడా అలాగే మునిగింది. అక్కడ పాత జాతులవాళ్ళు వేల ఏళ్ళుగా సాల్మన్ చేపలు పట్టుకునేవారు.

ఇది చదివి కిటికీలోంచి గోదారి చూస్తూ కూచున్నాను. పోలవరం మనకి ఎంత దూరమని. దేవీపట్నం వైపు నుంచి ఖాళీ చేసి వచ్చినవాళ్ళు పునరావాస కాలనీలో ఉంటూ కూడా, మీదే ఊరమ్మా అంటే పాత ఊరి పేరే చెప్తారు. మనింట్లో పని చేసే అమ్మాయి అలాగే చెప్తుంది. పిన్‌కోడు అడిగితే మాత్రం తడబడుతుంది.

సరే, అగ్నిపర్వతాల సంగతికి వస్తాను. బుడ్డోడికి ఇది నువ్వు చెప్పకు, నేనే చెప్తాను. మీ తీరానికి అవతల సముద్రం అడుగున హువాన్ డి ఫూకా అనే చిన్న పలక, అంటే భూమి పైపెంకులో ఒక ముక్క, ఉంది. అది ఏడాదికి మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున మీ అమెరికా పలక కిందికి దూరుతోంది. గోళ్ళు పెరిగే వేగం అనుకో. దాంతోపాటు సముద్రపు నీళ్ళు కూడా రాళ్ళలో ఇంకి లోపలికి పోతాయి. దాదాపు 100 కిలోమీటర్ల లోతుకి వెళ్ళాక వేడికి ఆ నీళ్ళు రాయిని విడిచి పైనున్న రాతిలోకి ఎక్కుతాయి. ఉట్టి మూకుట్లో బెల్లం వేసి పొయ్యి మీద పెడితే మాడుతుంది, రెండు చెంచాల నీళ్ళు చిలకరిస్తే ఇట్టే కరిగి పాకం అవుతుంది. సరిగ్గా అదే పని కాదు గానీ పిల్లాడికి అర్థమవడానికి ఇది చాలు. నీళ్ళు తగిలిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది, కరిగింది తేలికై పైకొస్తుంది. పలక ఆ లోతుకి చేరేది తీరానికి సమాంతరంగా ఒక గీత మీద కాబట్టి అగ్నిపర్వతాలు కూడా పూసలు గుచ్చినట్టు వరసలో ఉంటాయి.

కొండలన్నీ అగ్నిపర్వతాలని మాత్రం అనుకోకు. ఉత్తరాన మనం చూసిన ఆ రంపపు పళ్ళ కొండలు చాలా పాతరాళ్ళు, నెమ్మదిగా పైకి లేచినవి. వాటి నెత్తిమీద నిన్నగాక మొన్న కూచున్నవి ఈ తెల్ల శంకువులు. రెయినియర్ వయసు అయిదు లక్షల ఏళ్ళు, కొండల లెక్కలో చంటిపిల్ల. ఎత్తు 14,410 అడుగులు. మనం కారు పార్క్ చేసిన ప్యారడైజే 5,400 అడుగులట. అంటే మన తూర్పు కనుమల్లోని అర్మకొండ శిఖరం దాదాపు ఎంత ఎత్తో అంత ఎత్తున దిగి, ఇంకా కొండ కింద ఉన్నాం అనుకున్నాం. సరిహద్దు దగ్గర ఇంకో తిరకాసు. కెనడాలో గరిబాల్డి అనే కొండ ఈ అగ్నిపర్వతాల వరసలోదే అని భూగర్భ శాస్త్రం చెప్తుంది. భూగోళం పుస్తకం మాత్రం దాన్ని కోస్ట్ కొండల్లో వేస్తుంది. గరిబాల్డి ఇటలీ వీరుడు. ఆయనా ఆ వైపు రాలేదు, చెప్పాలా.

నా పాకం గురించి ఇంకో మాట. లేతపాకం జారుతుంది, ముదురుపాకం జారదు. మీ వరసలో పెద్ద కొండల్లోది చాలావరకు ముదురుపాకం. అందులో చిక్కుకున్న ఆవిరి బయటికి రాలేక ఒత్తిడి పెరిగి పేలుతుంది. 1980 మే 18 ఉదయం 8 గంటల 32 నిమిషాలకి సెయింట్ హెలెన్స్ అలాగే పేలింది. ముందు భూకంపం, దాంతో ఉత్తరం వైపు కొండ మొత్తం జారిపోయింది, మూత తీసినట్టయింది. 57 మంది పోయారు. కొండ ఎత్తు 1,300 అడుగులు తగ్గింది. కాపలా కాస్తూ ఉండిపోయిన డేవిడ్ జాన్‌స్టన్ అనే యువ శాస్త్రవేత్త కూడా పోయాడు. ఆయన నిలబడ్డ గట్టుకి ఇప్పుడు ఆయన పేరే. ఈ వరసలో నాకు నచ్చిన పేరు ఏదంటే అదే.

బుజ్జీ, ఇప్పుడు నీకు కోపం వచ్చే మాట. మీరు ఇల్లు చూస్తున్నారు కదా, ఆ ఆర్టింగ్ వైపు లోయలోది, కిటికీ తీస్తే కొండ నిండుగా కనిపించేది. అల్లుడుగారికి తెగ నచ్చింది. అంత దగ్గరగా కనిపించేదాని గురించి కాస్త చదవండి. ఆ కొండకి వచ్చే ముప్పు నిప్పు కంటే బురద. పైనంతా హిమానీనదాలు, లోపల వేడికి కుళ్ళిన రాయి. అవి కలిసి జారితే తడి సిమెంటులా లోయ వెంట దూసుకొస్తుంది. 5,600 ఏళ్ళ కిందట ఒకటి వచ్చి పుజెట్ సౌండ్ దాకా పోయింది, 500 ఏళ్ళ కిందట వచ్చింది ఆర్టింగ్ ఊరున్న చోటు మీదుగానే పోయింది. అందుకే అక్కడ సైరన్లు పెట్టారు, బడిపిల్లలతో మిట్టకి పరిగెత్తించే డ్రిల్లు చేయిస్తారు. కొనొద్దని నేను అనడం లేదు. మన తాతలు కూడా గోదారి గట్టు కిందే బతికారు, 1986 వరదకి నువ్వు పుట్టలేదు గానీ మీ మావయ్యలు రాత్రంతా గట్టు మీద ఇసుక బస్తాలు వేశారు. ప్రమాదపు మ్యాపులు ప్రభుత్వమే గీసి పెట్టింది, ఆ ఇంటి అడ్రసు వాటి మీద ఎక్కడ పడుతుందో చూసి, తర్వాత అడ్వాన్సు ఇవ్వండి. ఈ మాట అల్లుడుగారికి నేను చెప్పినట్టు చెప్పకు, నువ్వు చూసినట్టే చెప్పు.

పేర్లు మార్చాలా అని బుడ్డోడు నిన్ను అడిగితే ఏం చెప్తావో నాకు తెలీదు. 2015లో అలాస్కాలో పెద్ద కొండకి దెనాలి అని పాత పేరు తిరిగి ఇచ్చారు, 2025లో మళ్ళీ మెకిన్లీ అన్నారు. అదే 2015లో మన రాజమండ్రిని రాజమహేంద్రవరం చేశారు. బోర్డులు మారాయి, ఆటోవాడు ఇంకా "రాజమండ్రి, రాజమండ్రి" అనే అరుస్తాడు. అయితే బయటివాడి పేరు కాబట్టి తీసేయాలంటే నాకు మనసొప్పదు. ధవళేశ్వరం వైపు వెళ్ళి కాటన్ దొర పేరు తీసేయండి అని చూడు, రైతులు నిన్ను గట్టు దిగనివ్వరు. ఆయన ఇక్కడ ఎండలో నిలబడి ఆనకట్ట కట్టాడు. రెయినియర్ ఏం చేశాడు మీ కొండకి? నేనైతే టకోమా అనే ఓటు వేస్తాను, నన్ను ఎవరూ అడగరు గానీ.

మీ వాళ్ళు ఆ తగాదాలో పడకుండా మంచి దారి వెతుక్కున్నారు. మబ్బు విడిన రోజు మీ పక్కింటి పెద్దావిడ కంచె దగ్గరికొచ్చి నాకు చెయ్యి ఊపి "ద మౌంటెన్ ఈజ్ అవుట్" అనేది. కొండ బయటికొచ్చింది అని. పేరుతో పనేముంది, ఏ కొండో అందరికీ తెలుసు. మన ఊళ్ళో గోదారి అనకుండా "ఏరు ఎక్కింది" అంటాం చూడు, అలా.

చివరిగా, బుడ్డోడికి ఒక రాయి పంపిస్తున్నాను. కంగారు పడకు, అరకేజీ కూడా లేదు. మేం అక్కణ్ణుంచి బయల్దేరేటప్పుడు వాడు "మీ ఊళ్ళో వోల్కేనో లేదా అమ్మమ్మా" అని జాలిగా అడిగాడు. లేదురా అన్నాను. అది కూడా సగం తప్పే. గౌరీపట్నం, దుద్దుకూరు వైపు క్వారీల్లో నల్లరాయి తీస్తారే, లారీలు మన రోడ్డంతా గుంతలు చేసేది ఆ కంకరతోనే, అది బసాల్ట్. గోదారికి అవతల కాతేరు దగ్గర కూడా ఉంది. రాజమండ్రి ట్రాప్స్ అని దానికి పేరు. దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కన్‌లో పొంగిన లావా అది. పడమటి కనుమల వైపు పుట్టి, వెయ్యి కిలోమీటర్లు లోయల వెంట పారి మన సముద్రం ఒడ్డు దాకా వచ్చిందని చాలామంది శాస్త్రవేత్తలు అంటారు. మీది ముదురుపాకం అయితే మాది లేతపాకం, అందుకే అంత దూరం పారింది. లావా పొరల మధ్యలో సముద్రపు గవ్వల అచ్చులు కూడా దొరుకుతాయి. ట్రాప్ అంటే ఏ ఉచ్చో అనుకునేవు, స్వీడన్ భాషలో మెట్లు అని. చూడు, మన రాయికి పేరు పెట్టిందీ మనం కాదు.

మీ నాన్నగారు స్కూటరు మీద వెళ్ళి క్వారీ బయట ఏరుకొచ్చారు. మట్టి ఉంటే మీ ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారేమోనని బ్రష్షుతో కడిగి ఎండబెట్టాను. వచ్చే నెల మన వీధిలోవాళ్ళ అబ్బాయి బెల్‌వ్యూ వస్తున్నాడు, అతనితో పంపుతాను. మామిడి తాండ్ర పొట్లం కింద ఉంటుంది. తాండ్ర చూసి రాయి మర్చిపోయి డబ్బా పక్కన పడేయకండి.

ఉంటాను. అల్లుడుగారికి అడిగానని చెప్పు. బుడ్డోడికి ముద్దులు. వాళ్ళ టీచరుకి కూడా నా నమస్కారం చెప్పమను, మెత్తగా నవ్వి సరిదిద్దినందుకు.

ఇట్లు,
అమ్మ

తా.క. నువ్వు సర్ది పెట్టుకున్న భూకంపం సంచిలో మందులు పాతబడ్డాయేమో చూడు. 1700 జనవరి 26 రాత్రి ఆ తీరంలో వచ్చిన భూకంపానికి లేచిన అల జపాన్ దాకా పోయిందట, అక్కడివాళ్ళు తేదీతో సహా రాసి పెట్టుకున్నారు. రాత్రి పదింటికి చదివాను ఇది, చదవకుండా ఉండాల్సింది.